పల్నాటి పల్లె వంటిల్లు

పల్లె వంటిల్లు అనగా గ్రామీణ గృహాలలో వంటకు, తిండి సరుకుల నిల్వకు, దంచడం, నూరడం వంటి పనులకు కేటాయించిన గది లేదా పాక. ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు ప్రాంతంలో, అనగా దాచేపల్లి, గురజాల, పిడుగురాళ్ళ, మాచర్ల, కారంపూడి పరిసరాలలో, స్థానికంగా దొరికే నాపరాయి, సున్నం, ఎర్రమన్నులతో రూపొందిన వంటిల్లు ఈ వ్యాసానికి ప్రధాన విషయం. ఇటీవలి కాలంలో పట్టణాలలోను, కొత్తగా కట్టుకునే పల్లె ఇళ్ళలోను పాతకాలపు వంటింటి తీరును అలంకారంగా తిరిగి తెచ్చుకోవడం కనిపిస్తున్నది. అయితే ఈ వంటింటిలోని ప్రతి అమరికకు ఎండ, పొగ, నీరు, పురుగు, పని అనే వాటిలో ఏదో ఒక కారణం ఉన్నది. ఆ కారణాలు తెలిస్తే దేనిని నిలుపుకోవాలో, దేనిని విడిచిపెట్టాలో నిర్ణయించుకోవడం సులభం.

పేరు

వంట, ఇల్లు అనే రెండు పదాలు కలిసి వంటిల్లు అయినది. వంటగది అనే మాట కూడా వాడుకలో ఉన్నది. పూర్వం అనేక గ్రామాలలో వంట కోసం ప్రధాన గృహానికి వెనుకగానో, పక్కగానో ప్రత్యేకంగా ఒక పాకను వేసుకునేవారు. దీనిని వంటపాక అంటారు. పూరికప్పు ఇళ్ళకు నిప్పంటుకునే ప్రమాదం ఎక్కువ కావడం ఇందుకు ముఖ్యకారణం. పత్తి, ఎండుమిరప వంటి పంటలను ఇంటిలోనే నిల్వచేసే ప్రాంతాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ప్రాంత నేపథ్యం

దాచేపల్లి నాగులేరు ఒడ్డున ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతపు నేల కింద విస్తారమైన సున్నపురాతి పొరలు ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని కడప భూగర్భ మండలంలోని పల్నాడు ఉపమండలానికి చెందినవిగా గుర్తించారు. ఈ రాయి ఆధారంగానే ఇక్కడ నాపరాతి గనులు, సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారాలు వెలసినాయి.

వేసవిలో ఈ ప్రాంతం మిక్కిలి వేడిగా ఉంటుంది. సమీపంలోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటిగా పేరు పొందినది. ఇంతటి ఎండలో నిప్పు ముందు కూర్చుని వంట చేయవలసి రావడం వలన గోడల మందం, కప్పు ఎత్తు, గాలి రాకపోకలు వంటింటి నిర్మాణంలో ముఖ్యమైనవి అయినాయి.

ఆహారపు అలవాట్లు కూడా వంటింటి తీరును నిర్ణయించినాయి. పల్నాడు ఒకప్పుడు జొన్నల సీమ. 15వ శతాబ్దపు కవి శ్రీనాథుడు పల్నాటిలో సన్నబియ్యం దొరకదని, ప్రజలు జొన్నకూటితోనే కాలం గడుపుతారని ఆక్షేపించినట్లు చాటువులు ప్రచారంలో ఉన్నాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత కుడి కాలువ కింద వరిసాగు పెరిగింది. జొన్నరొట్టెకు, సంకటికి బదులు వరి అన్నం నిత్యాహారమైనది. దానితోపాటు తిరగలి వాడకం తగ్గింది. పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలుగా స్థిరపడినాయి.

స్థానం, దిక్కు

వాస్తు సంప్రదాయం ప్రకారం వంటింటిని ఇంటికి ఆగ్నేయ మూలన ఉంచి, వంట చేసేవారు తూర్పు ముఖంగా ఉండేట్లు పొయ్యి ఏర్పాటు చేస్తారు. ఆగ్నేయానికి అధిపతి అగ్ని అని నమ్మకం. ఈ ప్రాంతంలో వేసవి, వానాకాలాలలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది కాబట్టి, తూర్పు వైపున ఉన్న వంటింటి పొగ, నిప్పురవ్వలు ఇంటి మీదికి రాకుండా బయటికి పోతాయని కొందరు వివరిస్తారు. తూర్పు కిటికీ వలన ఉదయపు వంటకు వెలుతురు లభిస్తుంది.

వంటింటికి పెరటి వైపు ద్వారం ఉండడం సాధారణం. బావి లేదా చేతిపంపు, అంట్లు తోమే గట్టు, కరివేపాకు చెట్టు, కూరపాదులు పెరటిలోనే ఉంటాయి. వాడిన నీరు పాదులకు పారేట్లు వాలు ఇస్తారు. రోలు, తిరగలి వంటింటి లోపల కాక వెనుక వసారాలో ఉంటాయి. దంచేటప్పుడు రోకలి ఎత్తడానికి తగిన చోటు, కారపు ఘాటు పోవడానికి గాలి అక్కడ లభిస్తాయి.

నిర్మాణ సామగ్రి

నాపరాయి: ఇది పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. అందువలన పలకలుగా తీయడం సులభం. నేలకు పరచడానికి, గూళ్ళలో అరలుగా అమర్చడానికి, కుండలు పెట్టుకునే దిమ్మెలకు, దూలాల మీద కప్పుగా వేయడానికి కూడా ఈ పలకలను వాడేవారు. నాపరాతి నేల వేసవిలో కాళ్ళకు చల్లగా ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది. సున్నపురాయి కావడం చేత దీనికి పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం, మజ్జిగ పడి నిలిచిపోతే రాయి పైభాగం కరిగి తెల్లని మచ్చలు ఏర్పడతాయి. కడప రాయి అని పిలిచే నల్లని బండకు కూడా ఇదే లక్షణం ఉన్నది. అందుచేత పులుసులు కలిపే చోట, కూరలు తరిగే చోట గ్రానైటు పలక వేయడం మేలు.

సున్నం: సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీటితో విరిస్తే తడిసున్నం వస్తుంది. దీనిని గోడలకు వేసినప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి గట్టిపడుతుంది. సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి బూజు, పురుగు త్వరగా పట్టవు. తెల్లని గోడ వెలుతురును ప్రతిఫలించి చిన్న కిటికీ ఉన్న గదిని కూడా వెలుగుతో నింపుతుంది. పొగచూరిన వంటింటికి సంక్రాంతి ముందు సున్నం వేయడం ఆనవాయితీ. పిడుగురాళ్ళ సున్నపు పరిశ్రమకు ప్రసిద్ధి.

మట్టి: పొయ్యి, దాని చుట్టూ ఉండే గట్టు, కొన్ని ఇళ్ళలో నేల కూడా మట్టివే. వీటిని పేడతో, ఎర్రమన్నుతో తరచుగా అలుకుతారు. అలకడం వలన వేడికి పడిన పగుళ్ళు పూడుతాయి.

పొయ్యిలు

పల్లె వంటింటిలో పనిని బట్టి వేర్వేరు పొయ్యిలు ఉండేవి.

* మూడురాళ్ళ పొయ్యి: మూడు రాళ్ళను లేదా మట్టిగడ్డలను అమర్చి చేసినది. అన్నిటికంటె సులభమైనది, అన్నిటికంటె ఎక్కువ కట్టె తినేది.
* పొంతపొయ్యి: ప్రధాన పొయ్యికి పక్కన కలిపి కట్టిన రెండవ పొయ్యి. మొదటి పొయ్యి మంట సొరంగం గుండా దీని కిందికి వస్తుంది. వేడినీళ్ళకు, పప్పు ఉడకడానికి వాడుతారు.
* దాలి: పిడకలను సన్నని సెగమీద నిలిపి ఉంచే గుంట. దీనిపై పాలకుండ పెడితే గంటల తరబడి కాగి ఎర్రని మీగడ కడుతుంది.
* కుంపటి: బొగ్గులతో పనిచేసేది, ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకుపోగలిగినది.
* ఊకపొయ్యి: వరి ఊకతో లేదా రంపపు పొట్టుతో మండేది.
* గాడిపొయ్యి: పెళ్ళిళ్ళు, అన్నదానాల వంటి సామూహిక వంటలకు పెరటిలో తవ్వే పొడవైన కందకం.

వంటచెరకు

తుమ్మ, వేప కట్టెలతోపాటు పొలం నుండి వచ్చే పత్తికట్టె, మిరపకట్టె, కందికట్టె ఈ ప్రాంతంలో ముఖ్యమైన వంటచెరకు. పంట తీసిన తరువాత వీటిని మోపులుగా కట్టి పెరటిలో వామి వేస్తారు. ఇవి సన్నని కట్టెలు కాబట్టి త్వరగా అంటుకొని త్వరగా ఆరిపోతాయి. పొయ్యి ముందు ఎవరో ఒకరు కూర్చుని కట్టెలు ఎగదోస్తూ, ఊదుగొట్టంతో ఊదుతూ ఉండాలి. తడి కట్టె అయితే పొగ మరింత ఎక్కువ. వంటచెరకు చవకగా లభించినా, దానికి వెచ్చించే శ్రమ, కాలం ఎక్కువగా స్త్రీలవే.

పొగ, ఆరోగ్యం

పల్లె వంటింటిలోని ప్రధాన లోపం పొగ. పొయ్యికి ఎగువన గవాక్షం ఉన్నా, ఊదే మనిషి ముఖం మంటకు దగ్గరగా ఉండడం వలన పొగ నేరుగా కళ్ళలోకి, ఊపిరితిత్తులలోకి పోతుంది. కట్టె పొగ దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులకు, గుండె జబ్బులకు, పక్షవాతానికి, చిన్నపిల్లలలో న్యుమోనియాకు దారితీస్తుంది. ఇళ్ళలో వంట పొయ్యిల వలన కలిగే గాలి కాలుష్యం కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఈ సమస్యకు పరిష్కారం వెదకిన తొలి ప్రయత్నాలలో ఒకటి తెలుగునాట జరిగినది. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి.రాజు మట్టితో కట్టుకోగలిగిన పొగరాని పొయ్యిని రూపొందించాడు. ఇందులో ఒకే మంట వరుసగా ఒకటికి మించిన పాత్రల కింద నుండి పోయి, చివరకు పొగగొట్టం ద్వారా బయటికి వెళ్తుంది. పల్లెలలోని పొంతపొయ్యి సూత్రమే దీనిలోనూ కనిపిస్తుంది. పొగగొట్టం చేరిక ముఖ్యమైన మార్పు. ఆయన ఈ విషయమై 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకాన్ని ప్రచురించాడు. కట్టెల ఆదా ఒక్కటే కాక, వంట చేసే స్త్రీల ఆరోగ్యం, వంటింటి శుభ్రత కూడా ఆయన లక్ష్యాలు.

తరువాత భారత ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించి 2002 వరకు నడిపింది. పొగగొట్టాన్ని ఎప్పటికప్పుడు మసి దులిపి శుభ్రం చేయకపోతే పొగ తిరిగి గదిలోకే వస్తుంది. ఇటువంటి నిర్వహణ లోపాల వలన చాలా పొయ్యిలు కొద్దికాలానికే మూలపడినాయి.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చే దీపం పథకాన్ని ప్రారంభించింది. 2016లో కేంద్రప్రభుత్వం ఉజ్జ్వల యోజనను ప్రారంభించింది. 2024 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన కుటుంబాలకు సంవత్సరానికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకం మొదలైనది. గ్యాస్ వచ్చిన తరువాత కూడా పలు పల్లె ఇళ్ళలో స్నానాలకు నీళ్ళు కాచడానికి, పశువులకు ఉలవలు ఉడకబెట్టడానికి, పండుగల పిండివంటలకు పెరటిలో కట్టెల పొయ్యి కొనసాగుతున్నది.

నిల్వ ఏర్పాట్లు

సంవత్సరానికి సరిపడా సరుకులను ఒకేసారి సమకూర్చుకోవడం పల్లె వంటింటి ముఖ్య లక్షణం. మిరపకాయలు కళ్ళాలలో ఎండిన తరువాత వేసవిలో ఏడాది కారం కొట్టుకుంటారు. పండుమిరప పచ్చడి, గోంగూర, ఆవకాయ, చింతకాయ పచ్చళ్ళను పింగాణి జాడీలలో పెడతారు. ఉప్పు, పులుపు లోహపు పాత్రలను తినివేస్తాయి కాబట్టి జాడీ తప్పనిసరి. జాడీలను పొయ్యికి దూరంగా, తడి తగలని చోట, నేలకు ఎత్తుగా ఉన్న నాపరాతి దిమ్మె మీద ఉంచుతారు.

కందులకు పుచ్చు పట్టకుండా ఎర్రమన్ను కట్టి ఎండబెట్టడం, పప్పుకు ఆముదం పట్టించడం, ధాన్యంలో ఎండిన వేపాకు కలపడం సంప్రదాయ పద్ధతులు. గోడలో కట్టిన గూళ్ళు రోజువారీ దినుసులకు, అటక పండుగ పాత్రలకు, ఉట్టి పాలు, పెరుగు, వెన్నలకు ఉపయోగపడతాయి. దూలానికి వేలాడే ఉట్టి పిల్లికి, చీమకు అందదు. దాని చుట్టూ గాలి ఆడుతుంది.

పత్తి, మిరప పంటలకు పురుగుమందుల వాడకం ఎక్కువ. ఈ మందులను, పిచికారీ పరికరాలను వంటింటిలోగాని, దాని అటక మీదగాని ఉంచరాదు. ఖాళీ అయిన మందు డబ్బాలను ఎంత కడిగినా నీళ్ళకు, నూనెకు, పప్పులకు వాడరాదు. పల్లె వంటింటి ప్రణాళికలో పొలం సామానుకు విడిగా తాళం వేసుకునే గది ఉండడం అత్యవసరం.

పాత్రలు, పనిముట్లు

* మట్టి పాత్రలు: కుండ, చట్టి, దాక, మూకుడు, బాన. కొత్త పాత్రను నీటిలో నానబెట్టి, గంజి కాచి వాడకంలోకి తెస్తారు.
* రాచ్చిప్ప: మెత్తని రాతితో చెక్కిన పాత్ర. పులుసు, చారు కాచడానికి వాడుతారు. దించిన తరువాత కూడా చాలాసేపు వేడి నిలుస్తుంది.
* ఇత్తడి, రాగి పాత్రలు: వీటిలో పులుపు వండితే లోహం కరిగి ఆహారం చిలుమెక్కుతుంది. అందుకే లోపల తగరపు పూత పూస్తారు. దీనిని కళాయి వేయడం అంటారు. పాత్రను కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో రుద్దుతారు. కళాయి అరిగిపోయిన పాత్రను తిరిగి పూత వేయించేవరకు వంటకు వాడరాదు.
* నూరే, దంచే సాధనాలు: రోలు, రోకలి, పొత్రం, సన్నికల్లు, తిరగలి.
* ఇతర సాధనాలు: కత్తిపీట, చేట, జల్లెడ, కవ్వం, పప్పుగుత్తి, అట్లకాడ, గరిటెలు.

సున్నపురాతి నేలలోని బావి నీరు కఠినజలం. దీనిలో పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. నీళ్ళు కాచే పాత్రల అడుగున తెల్లని పెచ్చు కడుతుంది.

అలంకరణ

పల్లె వంటింటి అలంకరణ శుభ్రత నుండి పుట్టినది. అలికిన పొయ్యి మీద బియ్యపు పిండితోగాని, ముగ్గురాతి పొడితోగాని గీతలు వేస్తారు. గోడలకు తెల్లసున్నం, వాటి అడుగున ఎర్రమన్ను పట్టె, గడపకు పసుపు, కుంకుమ, ద్వారానికి మామిడాకుల తోరణం ముఖ్యమైనవి. తోమిన ఇత్తడి బిందెలు, గుండిగలు పెద్దది కింద, చిన్నది పైన వచ్చేట్లు దొంతులుగా పేరుస్తారు. గోడ కింది భాగపు ఎర్రని పట్టె మురికిని కనపడనీయదు. తోరణపు ఆకులు వాడగానే మార్చుతారు. ఏ అలంకారమూ శాశ్వతం కాదు, ప్రతిరోజు లేదా ప్రతి పండుగకు తిరిగి చేయవలసినదే. ఈ పనికి పట్టే శ్రమ కూడా లెక్కలోకి తీసుకోవలసిన విషయం.

నేటి ఇళ్ళలో పల్లె వంటిల్లు

పల్లె తీరులో కొత్త వంటిల్లు కట్టుకునేటప్పుడు, లేదా పాతదానిని బాగుచేసుకునేటప్పుడు కింది విషయాలు గమనించదగినవి.

* గాలి: కట్టెల పొగ వేడిగా ఉండి పైకి పోతుంది. అందువలన పాత వంటిళ్ళకు గవాక్షాలు పైభాగంలో ఉంటాయి. వంటగ్యాస్ గాలికంటె బరువైనది. లీకైనప్పుడు అది నేల వెంట పరచుకుంటుంది. పాత వంటింటిలో గ్యాస్ పొయ్యి పెట్టినప్పుడు పైనున్న గవాక్షం చాలదు. నేలకు దగ్గరగా కూడా బయటికి తెరచుకునే జాలీ ఉండాలి.
* సిలిండరు: నిటారుగా, నేల మీద ఉంచాలి. గుంటలోగాని, గాలి ఆడని అరలోగాని ఉంచరాదు. పొయ్యి సిలిండరుకంటె ఎత్తుగా ఉండాలి. అదే గదిలో కట్టెల పొయ్యిగాని, కుంపటిగాని వెలిగించరాదు.
* కట్టెల పొయ్యి: కావాలనుకుంటే పెరటి వసారాలో, పొగగొట్టంతో కట్టుకోవడం మంచిది.
* గట్టు: పాత వంట కూర్చుని చేసేది. నేడు నిలబడి చేస్తున్నారు. వంట చేసేవారి మోచేతికంటె కొద్దిగా తక్కువ ఎత్తులో గట్టు ఉంటే నడుమునొప్పి రాదు. అలంకారం కోసం గట్టును మరీ కిందికి దించడం తగదు. రోలు, కత్తిపీట వాడేవారికి నేల మీద కొంత ఖాళీ చోటు విడిచిపెట్టాలి.
* వెలుతురు: బంగళా పెంకుల కప్పులో ఒకటి రెండు అద్దపు పెంకులు అమర్చితే పగలు దీపం అవసరం ఉండదు.
* గోడలు: సున్నపు గోడ మీద ప్లాస్టిక్ రంగులు వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పూత పొరలుగా ఊడుతుంది. సున్నానికి సున్నమే తగినది.
* వస్తువులు: వాడని రోలును, తిరగలిని కేవలం అలంకారంగా పెట్టేటప్పుడు వాటి బరువుకు తగిన ఆధారం, కింద శుభ్రం చేయడానికి వీలు చూసుకోవాలి.

సమాజం, సాహిత్యం

వంటిల్లు కుల నియమాలు బలంగా పనిచేసిన చోటు కూడా. ఎవరు వండాలి, ఎవరు లోపలికి రావచ్చు, ఎవరితో కలిసి తినవచ్చు అనే కట్టుబాట్లు ఇక్కడినుండే మొదలయ్యేవి. 12వ శతాబ్దంలో పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారు ఒకే చాపమీద కూర్చుని భోజనం చేసే చాపకూడు పద్ధతిని ప్రవేశపెట్టినట్లు పల్నాటి వీరగాథలు చెబుతాయి. కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాలలో మందపోరు రోజున చాపకూడు నిర్వహిస్తారు.

ఆధునిక సాహిత్యంలో వంటిల్లు స్త్రీల బందిఖానాగా కూడా చిత్రితమైనది. విమల కవిత 'వంటిల్లు', గుంటూరు జిల్లా కొలకలూరులో జన్మించిన పి.సత్యవతి కథ 'ఇల్లలకగానే' ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. తప్పించుకునే దారి లేనివారిని 'వంటింటి కుందేలు' అనడం తెలుగు జాతీయం. 'ఇల్లలకగానే పండుగ కాదు' అనే సామెత అలకడం నిత్యకృత్యమైన కాలాన్ని గుర్తుచేస్తుంది. పాత వంటింటి అందాన్ని తిరిగి తెచ్చుకునేవారు దానిలోని పొగను, ఒంటరి చాకిరిని కూడా తెచ్చుకోనవసరం లేదని ఈ రచనలు తెలియజేస్తాయి.

ఇవి కూడా చూడండి

* నాపరాయి
* పొయ్యి
* తిరగలి
* ఉట్టి
* చాపకూడు
* దాచేపల్లి